మట్టికి తల ఎటు

మంగళవారం మధ్యాహ్నం శాంటా క్లారాలో ఆఫీసులో ఉండగా ప్రొఫెసర్ నుంచి మెయిల్ వచ్చింది. ఆంటీ పోయారు. పోయి రెండు వారాలైందట. శనివారం పొద్దున, సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళకి, ఒరెగాన్ తీరంలో మేమంతా మట్టి తవ్విన చిత్తడి నేల దగ్గర పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ కలుస్తున్నారు, ఒక్కొక్కరూ రెండు నిమిషాలు మాట్లాడాలి, నువ్వు రాగలవా అని అడిగారు. చివర ఇంకో మాట ఉంది. పద్నాలుగో ట్యూబు సంగతి తను చెబుతారట. తప్పు ఒప్పుకోవడం అంటే ఏమిటో కొత్తవాళ్ళకి నేర్పడానికి అంతకన్నా మంచి కథ ఆయన దగ్గర లేదట.

ఆ మాట చదివి లేచాను. ప్యాంట్రీకి వెళ్ళి గ్లాసులో నీళ్ళు పట్టుకుని, తాగకుండానే తిరిగి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. పద్నాలుగో ట్యూబు విషయంలో తప్పు ఆంటీది కాదు. అది ఆమెకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నాకు ఒక్కదానికే తెలుసు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ల్యాబులో అమెరికన్ పిల్లలు కూడా ఆంటీ అనే పిలిచేవారు. యూనివర్సిటీ కార్డు మీద ఉన్న పేరు చదివి ఎవరైనా పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారా అని చూసేవారు. ఉద్యోగం టెక్నీషియన్. తీరం నుంచి తెచ్చిన మట్టిని కోయడం, చుట్టడం, చల్లగదిలో దాచడం ఆమె పని. ప్రొఫెసర్ కంటే ముందు నుంచి ఆ గదిలో ఉన్నారు.

మా ల్యాబు చేసేది చెప్పడం తేలిక. ఆ తీరం కింద సముద్రపు నేల పలక ఒకటి భూమి పలక కిందికి దూరుతూ ఉంటుంది. దూరలేక పట్టేసినంత కాలం తీరం కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. పట్టు వదిలిన రోజున నేల కంపించి ఒక్కసారిగా దిగబడుతుంది, వెంటనే సముద్రం లోపలికి వస్తుంది. చివరిసారి అలా జరిగింది పదిహేడు వందల సంవత్సరం జనవరిలో. ఆ తీరంలో అప్పుడు కాగితం మీద రాసిపెట్టినవాళ్ళు లేరు. అక్కడి ఆదివాసులు పిల్లలకి చెప్పుకున్నారు. సముద్రానికి అవతల జపాన్‌లో, భూమి కదలకుండానే అల వచ్చిందేమిటని ఆశ్చర్యపోయి తేదీ వేసుకున్నారు. మిగిలిన సాక్ష్యమంతా మట్టిలో ఉంది. చిత్తడి నేలలోకి గొట్టం దించి మట్టిని నిలువునా బయటికి తీస్తే, అడుగున మునిగిపోయిన పాత గడ్డినేల, దాని మీద అల తెచ్చిపోసిన ఇసుక, ఆపైన తర్వాతి ఏళ్ళ బురద. ఇసుక ఏ ఊళ్ళో ఎంత లోపలిదాకా ఉందో చూస్తే, మళ్ళీ వచ్చే అల ఎక్కడిదాకా రావచ్చో మ్యాపు మీద గీత గీయవచ్చు.

ఆంటీకి ఆ గొట్టపు మట్టి మనిషితో సమానం. దానికి తలా కాళ్ళూ ఉండేవి. పై కొస తల, అడుగు కొస కాళ్ళు. తల కొసకి ఎర్రదారం కట్టేవారు. చల్లగదిలో అరల మీద అన్నిటినీ తూర్పు తల పెట్టి పడుకోబెట్టేవారు. ఎందుకని మొదటి వారంలోనే అడిగాను. అడిగినట్టు డైరీలో ఉంది, ఆ రోజుల్లో నేను అడిగిన ప్రశ్నలు తక్కువ కాబట్టి రాసుకున్నాను.

"ఉత్తరం తల పెట్టకూడదు గదా. పడమర సముద్రం. ఇంకేం మిగిలింది?" అన్నారు.

కారు కూడా అంతే. ఎక్కడ ఆపినా ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పి దాని ముఖం కొండ వైపు పెట్టేవారు. తీరంలో అయితే అర్థం ఉంది. సముద్రానికి గంటన్నర దూరంలో ఉన్న ఇండియన్ స్టోర్ ముందు కూడా అదే చేసేవారు. వెనకాల నాలుగు కార్లు హారన్ కొడుతుంటే నేను సీట్లో కిందికి జారిపోయేదాన్ని. "కొట్టనీ. పరిగెత్తేప్పుడు రివర్స్ చేసుకుంటా కూర్చుంటామా," అనేవారు, అద్దంలో చూసుకుంటూ, తీరిగ్గా.

స్కేలు ఆమె జేబులోనే ఉండేది, కానీ ముందు చేత్తో కొలిచేవారు. అంగుళం, రెండు వేళ్ళ మందం, బెత్తెడు, జానెడు. తర్వాత స్కేలు పెట్టి సెంటీమీటర్లు చెప్పేవారు. రెండూ ఎప్పుడూ కలిసేవి. ఇసుకని నాలిక చివర పెట్టుకుని చూసేవారు. మూడు వందల ఏళ్ళ ఉప్పు ఇంకా ఉంటుందా అని మేం నవ్వితే, "నీ నాలిక్కి ఉండదులే, పొద్దస్తమానం ఆ చాక్లెట్ కాఫీ తాగుతావ్," అనేవారు.

ఆ చల్లగదిలో తలుపు పక్కన ఒక లావు నోటుబుక్కు ఉండేది. ఆంటీ దాన్ని తప్పుల పుస్తకం అనేవారు, అమెరికన్ పిల్లలు కూడా ఆ తెలుగు మాటనే వంకరగా పలికేవారు. అందులో నాలుగు గళ్ళు. ఉన్నదేమిటి, ఉండాల్సిందేమిటి, తేదీ, ఎవరు. లేబుల్ తప్పు రాసినా, కోత వంకర పోయినా, చేసినవాళ్ళే తమ చేత్తో రాయాలి. నాలుగో గడిలో ఒకరి పేరు ఇంకొకరు రాయకూడదు. అదొక్కటే నియమం. తిట్లు ఉండేవి కావు. ఆ పుస్తకంలో అందరికంటే ఎక్కువసార్లు ఉన్నది ఆమె పేరే. సీనియారిటీ అనేవారు.

నేను ఆ పుస్తకంలో ఒక్కసారీ రాయలేదు. జాగ్రత్త వల్ల కాదు. సందేహం ఉన్న పనిని ముట్టుకోకుండా ఉండటం వల్ల.

ఆమె తన సంగతి ఒక్కసారే చెప్పారు. ఏటి ఒడ్డున దుంగ మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాం. అప్పుడే తీసిన మట్టి చెక్కపలక మీద మా ముందు ఉంది. నల్లటి గడ్డినేల, దాని మీద బూడిదరంగు ఇసుక. ఆమె తింటున్న చెయ్యి ఆపి, ఎడమ చేతి నాలుగు వేళ్ళు ఆ ఇసుక పొరకి ఆనించారు.

"మా గడప మీద ఇంతే ఉంది," అన్నారు.

ఎక్కడ అన్నాను.

"దివిసీమలో. ఉప్పెన ఏడు. నాకు ఏడేళ్ళు. నీళ్ళు చూసిన జ్ఞాపకం లేదు నాకు. ఇసక ఉంది. మా అమ్మమ్మ చీపురుతో ఊడుస్తా ఉంది. ఇంట్లో ముగ్గురు లేరు, ఆవిడ ఊడుస్తానే ఉంది." ఇసుక మీంచి వేళ్ళు తీసి, "అది గాలివాన ఉప్పెన. ఇది భూకంపం. వేరేలే," అని, తిన్న డబ్బా మూత పెట్టారు. లేచాక మళ్ళీ అన్నారు. "ఎంతుందో ఎవరూ రాసుకోలేదమ్మా. ఊడ్చేశాం."

ఆ రోజు నేను ఏదైనా అని ఉండాల్సింది. డైరీలో మాత్రం రెండు పేజీలు రాశాను.

ఇప్పుడు పద్నాలుగో ట్యూబు.

ఆంటీ న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళిన వారం అది. తీరంలోని ఒక చిన్న ఊరికి ఎగువన, ఏరు మలుపు తిరిగే చోట ప్రొఫెసర్ స్వయంగా ఒక ట్యూబు తీసి, వానలో తడుస్తూ తెచ్చి, చల్లగదిలో ఖాళీగా ఉన్న అరలో పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు నేను చూసేసరికి ప్లాస్టిక్ మీద నంబరు మిగిలింది, పై కొస ఏదో చెప్పే గుర్తు నీళ్ళకి చెరిగిపోయింది. దారం లేదు. ప్రొఫెసర్ గది రెండు తలుపుల అవతల ఉంది. వెళ్ళి, మీరు దీన్ని ఎటు తల పెట్టి పెట్టారు అని అడిగితే సరిపోయేది. నాకు ఆ రెండు తలుపులు దాటడం ఎప్పుడూ కష్టమే. ఈ గదిలో తల ఎప్పుడూ తూర్పే కదా అనుకున్నాను. తూర్పు కొసకి ఎర్రదారం కట్టి, మార్కరుతో 'టాప్' అని రాశాను. ప్రొఫెసర్‌కి ఆంటీ దిక్కుల సంగతి తెలియదని నాకు తట్టలేదు.

తలకిందులుగా చదివితే ఆ మట్టి ఇంకో కథ చెప్పింది. ఇసుక ఒక్కసారిగా వచ్చి పడినట్టు కాకుండా నెమ్మదిగా పేరుకున్నట్టు కనిపించింది. అల ఆ మలుపు దాకా రాలేదని, ఇది ఏటి వరద ఇసుకేనని తేల్చాం. దాని ఆధారంగా ఆ ఊరి మ్యాపులో గీత కొంచెం కిందికి జరిగింది. గీతకి పైన, క్షేమంగా ఉన్నట్టు, ఊరి ప్రాథమిక పాఠశాల వచ్చింది. గురువారం ఆ ఊరి హాల్లో మ్యాపు చూపించాలి. పద్నాలుగో ట్యూబు గురించి రెండు నిమిషాలు నేనే చెప్పాలి.

మంగళవారం ఆంటీ నన్ను చల్లగదిలోకి పిలిచారు. ట్యూబు మీద ప్లాస్టిక్ విప్పి ఉంది. గోటితో ఒక నల్లటి వేరు చూపించారు.

"లావు ఎటుంది, సన్నం ఎటుంది?"

సన్న కొస దారం ఉన్న వైపు ఉంది. పైకి.

"అయితే మూడొందల ఏళ్ళ కింద ఆ ఊళ్ళో గడ్డి ఆకాశంలోకి వేళ్ళు దించిందా అమ్మాయ్?"

 దారం ఎవరు కట్టారని అడిగారు. నేనే అన్నాను. ఎవర్ని అడిగి అన్నారు. ఎవర్నీ అడగలేదు, తూర్పున ఉంది కాబట్టి తలే అనుకున్నాను అన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ గదిలో మా ఇద్దరి ఊపిరీ పొగలా కనిపిస్తోంది.

"నా అలవాటు నీకు తెల్సు, ఆయనకి తెలీదు. గోడ మీద రాసి పెట్టాల్సింది నేను," అన్నారు. తర్వాత, "గురువారం లోపల ఆయనతో చెప్పు. చెప్పగలవా?"

"చెప్తాను ఆంటీ."

చెప్పలేదు. ప్రొఫెసర్ గ్రాంట్ మీదే నా ఫీజు ఉంది, నా వీసా స్టేటస్ ఉంది. ఇంత పెద్ద తప్పు చేసిన అమ్మాయిని వచ్చే సెమిస్టర్‌కి ఎవరు ఉంచుకుంటారు అని లెక్క వేసుకుంటూ తిరిగాను. ఆయన గది దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు వేసి ఉంది, వెనక్కి వచ్చేశాను. రెండోసారి తెరిచే ఉంది. లోపలికి రమ్మన్నారు. స్టేప్లర్ అడిగి తెచ్చుకున్నాను. ఆ రెండు రోజులూ ఆంటీ చల్లగదిలోంచి బయటికి రాలేదు. నా మీద కోపం అనుకున్నాను.

హాల్లో ఎనభై మంది దాకా ఉన్నారు. చేపల పడవల వాళ్ళు, మోటెల్ వాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు. పాఠశాల ప్రిన్సిపాల్ మొదటి వరసలో నోటుబుక్కు తెరిచి కూర్చుంది. నా వంతు వచ్చింది. తెర మీద పద్నాలుగో ట్యూబు ఫొటో, ఎర్రదారంతో సహా. మైకు పట్టుకున్నాను. చెబుదామనే అనుకున్నాను. ప్రిన్సిపాల్ పెన్ను పైకెత్తి నా వైపు చూస్తోంది. నాకు గొంతు రాలేదు. ఎంతసేపో తెలియదు. ఎవరో దగ్గారు.

వెనక వరసలో ఆంటీ లేచి నిలబడ్డారు.

ఆమె ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాలుగా ఉండేది. ఆ ట్యూబు తలకిందులుగా ఉంది. తప్పు నాది. అల ఆ మలుపు దాటి వెళ్ళింది. గీత స్కూలు అవతలికి జరగాలి. అంతే చెప్పారు. ప్రొఫెసర్ ముఖం ఎర్రబడింది. ఒక ముసలాయన కుర్చీలోంచే, మీరు ఇంకా ఎన్ని తలకిందులుగా చదివారమ్మా అని అడిగాడు. హాలు నవ్వింది.

"ఉన్నవన్నీ ఈ రెండు రోజుల్లో మళ్ళీ విప్పి చూశాను," అన్నారు ఆంటీ. "ఇదొక్కటే."

ఇంక ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ నోటుబుక్కులో ఏదో కొట్టేసి, ఏదో రాసుకుంది. నేను మైకు బల్ల మీద పెట్టి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

తిరుగు ప్రయాణం ఆమె కారులోనే.  ఊరు దాటాక, ఎందుకలా చెప్పారు ఆంటీ అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"వాళ్ళకి ఇవాళ కావాల్సింది గీత. అది మారింది. ఎవరి తప్పన్నది వాళ్ళకెందుకు?" రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అది నీది. నీకు కుదిరినప్పుడు చూసుకో."

ఇంకో మైలు పోయాక, "కుదిరినప్పుడంటే మరీ ఎప్పుడో కాదు," అన్నారు.

మ్యాపు మారింది. స్కూలు పిల్లలు కొండ ఎక్కడం అలవాటు చేసుకుంటున్నారని తర్వాత విన్నాం. ఆంటీ చేతి మీద నమ్మకం మాత్రం కొంత తగ్గింది. ఆ సెమిస్టరంతా ఆమె రాసిన ప్రతి లేబులూ మరొకరు సరిచూడాలని ప్రొఫెసర్ నియమం పెట్టారు. నాకంటే చిన్న విద్యార్థిని ఒకతె ఆమె వెనక నిలబడి టిక్కులు పెట్టేది. "సరిగ్గా చూడు తల్లీ, నిద్రపోకు," అని ఆంటీ ఆ అమ్మాయికి చెప్పడం నేను కిటికీలోంచి విన్నాను. లోపలికి వెళ్ళలేదు. నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, కాలిఫోర్నియా వచ్చేశాను. తప్పుల పుస్తకం మళ్ళీ తెరిచి చూడలేదు. అందులో నా పేరు ఆమె రాసి ఉంటారా, ఆమె పేరే రాసుకుని ఉంటారా అని అనుకునేదాన్ని. రెండిట్లో ఏది చూసినా తట్టుకోలేననిపించేది. పండక్కి మెసేజ్ పెట్టేదాన్ని. ఆమె రెండు చేతులు జోడించిన బొమ్మ పంపేవారు. ఫోన్ ఒక్కసారి కూడా చెయ్యలేదు. మూడేళ్ళు.

శుక్రవారం పోర్ట్‌లాండ్‌కి ఫ్లైట్ బుక్ చేశాను. విమానంలో రెండు నిమిషాల మాటలు రాశాను. దిక్కుల గురించి, కారు గురించి, చాక్లెట్ కాఫీ గురించి. చదివితే బాగానే ఉంది. అందుకే చింపేశాను. కారు అద్దెకి తీసుకుని తీరానికి వెళ్ళి, శనివారం పొద్దున చిత్తడి పక్కన గులకరాళ్ళ మీద ఆపాను. అప్పటికే పది కార్లు ఉన్నాయి, అన్నీ కొండ వైపు తిరిగి.

నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఏటి గట్టు బురద గోడలా బయటపడింది, అందులో ఆ బూడిదరంగు గీత కనిపిస్తూనే ఉంది. ఇరవై మంది ఉంటాం. ప్రొఫెసర్ జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆయన ముందు మాట్లాడారు. నిండు హాల్లో, ఎవరూ అడగకుండా, లేచి నిలబడి తప్పు నాది అన్న మనిషి గురించి చెప్పారు. తర్వాత తను ఆమె లేబుళ్ళ మీద కాపలా పెట్టడం గురించి కూడా చెప్పారు. అప్పుడది సరైన పనే అనుకున్నానన్నారు. కొత్త విద్యార్థులు తల వంచుకుని వింటున్నారు. ఒకమ్మాయి ఫోనులో నోట్ చేసుకుంటోంది.

ఆ అమ్మాయి రాసుకోవడం చూశాక నా వంతు దాకా ఆగలేకపోయాను.

"ఆ ట్యూబు మీద టాప్ అని రాసింది నేను," అన్నాను. "దారం కట్టింది నేను. ఆంటీ ఆ వారం ఊళ్ళో లేరు. మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు. హాల్లో చెప్పాల్సింది, చెప్పలేదు."

ఇంగ్లీషులో ఐదు వాక్యాలు. ఈసారి గొంతు వచ్చింది.  ప్రొఫెసర్ నా వైపు కాకుండా ఏటి వైపు చాలాసేపు చూశారు. ఆ ట్యూబును పడమర తల పెట్టింది నేనే కదా అన్నారు చివరికి, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత వంగి బ్యాగు తెరిచారు. ఆమె వస్తువులు నలుగురికీ చూపించాలని తెచ్చారట. స్కేలు, ఎర్రదారపు ఉండ, తప్పుల పుస్తకం.

పుస్తకం నా చేతికిచ్చారు.

ఆ పేజీ వెతుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆంటీ గుండ్రటి అక్షరాలు. మొదటి గడిలో, పద్నాలుగు తలకిందులు. రెండో గడిలో, తిప్పి పెట్టాలి, గీత మార్చాలి. మూడో గడిలో ఆ గురువారం తేదీ. నాలుగో గడి ఖాళీగా ఉంది.

దాని కింద ఇంకా పేజీన్నర తప్పులు ఉన్నాయి, ఎవరివి వాళ్ళ చేతిరాతతో. అన్నిటికీ పేర్లు ఉన్నాయి. హాలు నిండా ఉన్న మనుషుల ముందు ఒక అబద్ధం చెప్పిన మనిషి, ఈ పుస్తకంలో మాత్రం దాన్ని రాయలేదు. నా పేరూ రాయలేదు. ఆ గడి అలా వదిలేసి కింద గీత కొట్టి, మర్నాటి పని మొదలుపెట్టారు.

ప్రొఫెసర్ పెన్ను ఇచ్చారు. గట్టు దిగేప్పుడు నా వేళ్ళకి అంటిన బురద ఇంకా ఉంది, ప్యాంటుకి తుడుచుకున్నా పూర్తిగా పోలేదు. నాలుగో గడిలో నా పేరు రాశాను. రాసి మూయబోతూ తేదీ చూశాను. అది ఆమె రాసిన తేదీ. దాని పక్కన కొంచెం చోటు ఉంది. అక్కడ ఇవాళ్టి తేదీ కూడా వేశాను.